ఇంటి తేదీలకు ఇంటివారే కాపలా

విడవలూరు ప్రాంతపు ఇండ్లలో నడవా గోడకు రెండు మేకులు ఉండడం చాలాకాలంగా వస్తున్న అలవాటు. ఒక మేకుకు ఉగాదినాడు కొన్న పంచాంగం, రెండవదానికి దుకాణంవారు ఇచ్చిన కేలెండరు. పంచాంగం తిథివార నక్షత్రాలు చెప్పేది. కేలెండరు గడులలో గృహిణి పెన్సిలుతో పాలలెక్క మొదలు పిల్లల పరీక్షల వరకు వ్రాసి ఉంచేది. ఆ గోడ ముందు ఒక్క నిమిషం నిలుచుంటే ఇంటి నెల అంతా తెలిసిపోయేది. అందరూ ఒకే కప్పు క్రింద ఉన్నన్నాళ్ళు ఆ ఏర్పాటు చాలినది.

ఇప్పుడు చాలా కుటుంబాలు అట్లా లేవు. పెద్దలు ఊరిలో ఉంటారు. ఒక బిడ్డ బెంగుళూరులో, మరొక బిడ్డ అమెరికాలో. కాలువకు సోమశిల నీరు ఎప్పుడు వదలుతారో, ఎడగారు పంటకు నారు ఎప్పుడు పోయవలెనో, రొయ్యల గుంటలో పట్టుబడి ఎప్పుడో ఊరిలోనివారికి తెలుసు. సెలవు ఎప్పుడు దొరుకుతుందో దూరాన ఉన్నవారికి తెలుసు. ఈ రెండింటినీ ఒకచోట చేర్చగలిగేది సెల్‌ఫోనులలోని ఉమ్మడి కేలెండరు. దానిని ఎట్లా ఎన్నుకొనవలెను, ఎట్లా నడుపుకొనవలెను అన్న ఆలోచన మాకు ఒక పొరపాటు జరిగిన తర్వాతగాని కలుగలేదు.

మా ఇంట గోడ కేలెండరుమీద వ్రాసే చెయ్యి మా అమ్మగారిది. ఆమె పోయిన మరుసటి ఏట ఆబ్దికం జరిపిన తేదీని మేము ఫోనులో ఎక్కించి, ‘ప్రతి సంవత్సరము’ అన్నచోట గుర్తు పెట్టి నిశ్చింతగా ఉన్నాము. పై ఏడు ఆ తేదీకి సెలవు పెట్టుకొని, బయలుదేరబోతూ నాన్నగారికి ఫోను చేస్తే, తిథి వెళ్ళి పదిరోజులైనదని చెప్పినారు. ఆయన ఒక్కరే పురోహితునికి స్వయంపాకమిచ్చి ఆ దినం గడిపినారు. “మీకందరికీ ఫోనులో ఉన్నది గదా, వీలుపడక రాలేదనుకొన్నాను” అన్నారు. తప్పు యంత్రానిది కాదు, మాది.

ఇందులోని లెక్క తెలియనిది కాదు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 దినాలు. ఇంగ్లీషు సంవత్సరానికి 365. అందుచేత మన తిథి ఏటేటా పది, పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. అధికమాసం వచ్చినప్పుడు మరల ముందుకు వస్తుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న రాగా 2025లో మార్చి 30ననే వచ్చినది. 2023లో అధిక శ్రావణం వచ్చి, ఆ తరువాతి పండుగలన్నిటినీ ముందుకు నెట్టినది. ఫోనులోని ‘ప్రతి సంవత్సరము’ అనే ఏర్పాటుకు ఇంగ్లీషు తేదీ తప్ప మరేమీ తెలియదు. కాబట్టి ఉగాదినాడు పంచాంగం ముందు పెట్టుకొని, ఆ ఏటి తిథులను ఒక్కొక్కటిగా ఎక్కించుకొనడమే మార్గం. అమెరికాలో ఉన్నవారు ఇంకొక జాగ్రత్త పడవలెను. తిథి ఆరంభమయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా, అక్కడి సూర్యోదయం వేరు గనుక ఆచరించే దినం మారవచ్చును. అక్కడికి గణించిన పంచాంగమే చూడవలెను.

రెండు లెక్కలు ప్రక్కప్రక్కన నడవడం మన దేశానికి క్రొత్త కాదు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం దేశంలో దాదాపు ముప్పది విధాల పంచాంగాలు వాడుకలో ఉన్నట్లు గమనించినది. ఆ సంఘం సిఫారసు మేరకు 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీతో, జాతీయ పంచాంగం అమలులోనికి వచ్చినది. అయినా ఇంగ్లీషు తేదీ పోలేదు, తిథులూ పోలేదు. ఇంటి కేలెండరులో కూడా ఈ సర్దుబాటే కావలెను.

ఇక ఉమ్మడి కేలెండరు పనిచేసే తీరు. ఒకచోట సర్వరు అనే యంత్రంలో అసలు పట్టిక ఉంటుంది. ఒక్కొక్కరి ఫోనులో దాని నకలు ఉంటుంది. ఎవరైనా ఒక మార్పు చేస్తే అది సర్వరుకు పోయి, అక్కడినుండి మిగిలిన ఫోనులకు చేరుతుంది. తుఫానులో కరెంటు పోయి ఇంటర్నెట్టు నిలిచినా ఫోనులోని నకలు చదువుకొనవచ్చును. మరల లంకె కుదిరినప్పుడు మార్పులు కలుస్తవి. వివరాలను వ్రాసే పద్ధతికి ఐకేలెండర్ అనే ప్రమాణం 1998లోను, వాటిని సర్వరుతో ఇచ్చిపుచ్చుకొనే పద్ధతికి కాల్‌డావ్ అనే ప్రమాణం 2007లోను వెలువడినవి. ఈ రెండింటినీ పాటించే కేలెండరును ఎన్నుకొంటే, రేపు ఆ సంస్థ మూతపడినా మన తేదీలను మూటగట్టుకొని మరొక చోటికి పోవచ్చును.

తేదీలలో దాచవలసినది ఏమున్నదని కొందరు అడుగుతారు. ఇంటికి ఏ దినాలలో తాళం పడుతుంది, ఇంటి ఆడపడుచు ఏ వైద్యుని చూడబోతున్నది, రొయ్యలు అమ్మిన సొమ్ము ఎప్పుడు చేతికి వస్తుంది, ఇవన్నీ ఆ గడులలోనే ఉన్నవి. గోడమీది కేలెండరును ఇంటికి వచ్చినవారు మాత్రమే చూడగలరు. సర్వరులోని కేలెండరును ఎవరెవరు చూడగలరో మనకు కనబడదు. స్వవిషయ గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసినది. చట్టం ఉన్నదిగదా అని రాత్రివేళ తలుపు గడియ పెట్టడం మానుకొనము గదా!

ఈ సందర్భంలోనే బహిరంగ మూలం అనే మాట వినబడుతుంది. ఒక యంత్రక్రమం ఎట్లా వ్రాయబడినదో అందరికీ చూపి, పరీక్షించుటకు, సవరించి వాడుకొనుటకు అనుమతి ఇవ్వడమే దీని అర్థం. సిద్ధాంతిగారు తాము గణించిన పద్ధతిని చెప్పితే, లెక్క తెలిసిన మరొకరు సరిచూడవచ్చును. మనకు ఆ లెక్క రాకపోయినా, సరిచూడగలవారు ఉన్నారన్నదే మనకు ధైర్యం. అయితే బహిరంగ మూలం వేరు, గోప్యత వేరు. యంత్రక్రమం ఎంత బహిరంగమైనా, అది పరుల సర్వరులో నడుస్తున్నప్పుడు, మరుగుపరచకుండా ఉంచిన వివరాలను ఆ సర్వరు నిర్వాహకుడు చదువగలడు.

కుటుంబాలకు ముఖ్యంగా మూడు మార్గాలు కనబడుతున్నవి. మొదటిది ప్రోటాన్, టూటా వంటి సంస్థల కేలెండర్లు. వీటిలో వివరాలు మన ఫోనులోనే గూఢలిపిగా మారి సర్వరుకు పోతవి. సంస్థవారు కూడా చదువలేరు. మన చేతిలోని ఫోను భాగపు మూలం బహిరంగమే గాని సర్వరు భాగానిది కాదు. ఇవి కాల్‌డావ్ పద్ధతిలో నడువవు గనుక ఇంటివారందరూ ఆ సంస్థ ఇచ్చిన పరికరాన్నే వాడవలెను. పంచుకొనే సౌకర్యం ఉచిత ఖాతాలో ఉన్నదో లేదో ముందే విచారించుకొనవలెను.

రెండవది నెక్స్ట్‌క్లౌడ్. దీని సర్వరు భాగం కూడా బహిరంగ మూలమే. కొద్ది రుసుము తీసుకొని దీనిని నడిపిపెట్టేవారు ఉన్నారు. ఎవరు చదువవచ్చును, ఎవరు మార్చవచ్చునో వేరువేరుగా నిర్ణయించవచ్చును. ఒక పనిని ‘ఆ వేళ తీరిక లేదు’ అన్నంతవరకే ఇతరులకు చూపవచ్చును. నిర్వాహకుడు నమ్మదగినవాడు కావలెను.

మూడవది రాడికేల్ వంటి చిన్న సర్వరును ఇంటిలోని చిన్న కంప్యూటరులోనే పెట్టుకొనడం. ఒక్కొక్క పని ఒక్కొక్క చిన్న ఫైలుగా మన ఇంటిలోనే ఉంటుంది. ఇంతకు మించిన స్వాధీనం లేదు. కాని అది చెడిపోతే బాగుచేసే మనిషి కూడా ఇంటిలోనే ఉండవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వాయుగుండాలు చూచే మా తీరంలో, వృద్ధులు మాత్రమే ఉన్న ఇంటిలో ఆ భారం పెట్టుట మాకు ఉచితమని తోచలేదు.

మేము రెండవ మార్గం పట్టినాము. ఆండ్రాయిడ్ ఫోనులలో డావ్‌ఎక్స్‌ఫైవ్ అనే సంధానం, ఎటార్ అనే కేలెండరు పెట్టుకొన్నాము. రెండూ బహిరంగ మూలాలే. ఐఫోను కాల్‌డావ్‌ను తనంత తానే గ్రహిస్తుంది. చేరకముందే వెలుపలికి వచ్చే దారి పరీక్షించినాము: పది పనులు వ్రాసి, ఫైలుగా దించి, మరొక కేలెండరులోనికి ఎక్కించి చూచినాము. తెలుగు అక్షరాలు చెదరలేదు, వేళలు మారలేదు. పాఠకులు కూడా ఈ పరీక్ష మానవద్దు.

పరికరం కుదిరినంతమాత్రాన క్రమం కుదరదు. మేము పెట్టుకొన్న నియమాలు నాలుగు. ఇంటి పనికి ఒక్కటే కేలెండరు. ఎవరి ఉద్యోగపు పనులు వారివి. ఒక్కొక్క పనికి ఎవరు, ఎక్కడ, ఏమి తీసుకొని పోవలెను అన్న మూడు మాటలు తప్పనిసరి. రోగం పేరు మాత్రం వ్రాయరాదు. ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు అందరమూ ఫోనులో పావుగంట కూర్చుని రాబోయే వారాన్ని చదువుకొంటాము. అప్పుడు న్యూయార్కులో ఉదయం పదిన్నర. అక్కడ గడియారాలు ముందుకు జరిపే మార్చి రెండవ ఆదివారం నుండి నవంబరు మొదటి ఆదివారం దాకా పదకొండున్నర. అందుచేత ఈ పనిని భారత కాలమానం అని స్పష్టంగా గుర్తించి ఉంచినాము. చివరిది, మూడు నెలలకొకసారి మొత్తం పట్టికను ఫైలుగా దించి వేరుచోట దాచడం. ఎవరి ఫోనైనా పోతే ఆ ఫోను అనుమతిని వెంటనే రద్దు చేయవలెను.

నాన్నగారికి ఫోనులో చిన్న గడులు కనబడవు. అందుకని నెలనెలా ఒక పుటను పెద్ద అక్షరాలతో అచ్చు తీయించి ఊరికి పంపుతున్నాము. దానిని ఆయన పాత మేకుకే తగిలిస్తారు. క్రొత్త సంగతి ఏదైనా పెన్సిలుతో దానిమీద వ్రాసి, ఆదివారం రాత్రి మాకు చదివి వినిపిస్తారు, మేము ఎక్కిస్తాము. పోయిన ఏడు అమ్మగారి తిథికి అందరమూ ముందురోజు సాయంత్రానికే విడవలూరు చేరినాము. ఆ నెల పుటలో ఆ గడి ప్రక్కన నాన్నగారు పెన్సిలుతో వ్రాసుకొన్నది ఒక్కటే: ఎంతమందికి అన్నం వండించవలెను అన్న లెక్క.