కాన్పుకు వెళ్లే ముందు సర్దే సంచి
నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుంచి చిక్కు కాన్పులను దూరాన ఉన్న ఒంగోలు వంటి పెద్దాసుపత్రులకు పంపవలసి రావచ్చు కనుక, ఎనిమిదో నెల నిండేసరికే సంచి సిద్ధంగా ఉండడం మేలు. అందులో అన్నిటికన్నా విలువైనది తల్లీబిడ్డల రక్షణ కార్డు, అనగా గర్భిణి రక్తపోటు, రక్తహీనత, టీకాల వివరాలు నమోదైన పత్రం. అది చేతిలో ఉంటే ఆమెను ఎన్నడూ చూడని వైద్యుడు సైతం పరిస్థితిని వెంటనే గ్రహించగలడు. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన సాయం అర్హులైన తల్లుల ఖాతాలో జమయ్యేందుకు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం కూడా దానితోనే ఉంచాలి. ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తని పాత నూలు చీర ముక్కలు, బిడ్డ తలకు టోపీ, తల్లికి వదులైన బట్టలు, ప్యాడ్లు చాలు. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం మాత్రం పెట్టనే కూడదు, ఎందుకంటే తొలి గంటలో బిడ్డకు ముర్రుపాలు, అనగా కాన్పు కాగానే వచ్చే చిక్కటి తల్లిపాలు తప్ప మరేదీ పట్టరాదు. నొప్పులు మొదలైతే 108కి ఫోన్ చేయాలి.