పాము పెట్టెలో ఎండా, చెమ్మా

ఒక పుష్యమాసం చలిలో, తెల్లవారేసరికి మన హాస్టల్ నీళ్ళ తొట్టి పక్కన గచ్చు మీద జెర్రిపోతు పడుకుని ఉంది. అదిలించినా కదల్లేదు. ఎంత పొగరు అనుకున్నాం, కర్రలు తెచ్చి చంపేశాం. తరువాత సైన్సు మాస్టారు చెప్పారు, అది విషం లేని పామని, చలికి ఒళ్ళు మొద్దుబారి పారిపోలేకపోయిందని. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఆ తరువాత చదివి తెలుసుకున్నది రాస్తున్నాం.

మన ఒంటి వేడి తిన్న తిండి నుంచి పుడుతుంది. పాముకు వేడి బయటినుంచే రావాలి. పాముల్ని పెంచేవాళ్ళు పెట్టెను సర్దే తీరు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. విదేశాల్లో చాలా ఇళ్ళలో పెంచేది బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ. అక్కడ అది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. పెట్టెలో ఒక చివర 31, 32 డిగ్రీలు, రెండో చివర 25, 26 డిగ్రీలు ఉంచి, రెండు వైపులా చాటు పెడతారు. ఏది కావాలో పామే చూసుకుంటుంది. ఎలుకను మింగాక వేడి చాలకపోతే అది అరక్క కక్కేస్తుంది. వేడి మితిమీరితే ప్రాణమే పోతుంది. అందుకే థర్మోస్టాట్ లేకుండా హీటరు పెట్టకూడదు. కరెంటుతో వేడెక్కే రాళ్ళు మరీ ప్రమాదం. పొట్ట కాలుతున్నా పాము ఒక్కోసారి వాటి మీదనుంచి లేవదు.

చెమ్మ సంగతి ఇంకా చిక్కు. గాలిలో తేమ 55 నుంచి 65 శాతం ఉంటే సరిపోతుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు తిరుగుతాయి. అప్పుడు ఇంకొంచెం కావాలి, తడి నాచు వేసిన డబ్బా ఒకటి పెడతారు. లేకపోతే కుబుసం ముక్కలై కంటి మీద, తోక కొసన అతుక్కుపోతుంది. తోకకు బిగిస్తే రక్తం ఆడక ఆ కొస చచ్చిపోతుంది. అలాగని అడుగంతా తడిపి, గాలాడకుండా మూసేస్తే పొట్ట పొలుసులు కుళ్ళుతాయి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. తేమ గాలిలో ఉండాలి, పడుకునే చోటు పొడిగా ఉండాలి.

ఇది చదివి ఎవరూ పామును పట్టి తేవద్దు! మన పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం.

అనుమతితో పాముల్ని ఉంచేవాళ్ళు మనకు దగ్గరలోనే ఉన్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల గిరిజనుల సహకార సంఘం 1978లో ఏర్పడింది. వాళ్ళకు హీటరూ లేదు, గాజు పెట్టే లేదు. మట్టికుండలో సగం దాకా ఇసుక పోసి, పామును వదిలి, మూతికి నూలుగుడ్డ కడతారు. మన చలివేంద్రం కుండలాంటిదే, మట్టిలోంచీ గుడ్డలోంచీ గాలి ఆడుతుంది, లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. మూడు నాలుగు వారాలు ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు కత్తిరించి మళ్ళీ అడవిలో వదిలేస్తారు. పాముకాటుకు ఆసుపత్రిలో మనకు ఎక్కించే మందు తయారీకి కావలసిన విషం చాలావరకు ఆ కుండల్లోని పాములదే.