అగ్గిపుల్ల లేకుండానే అంటుకునే బొగ్గు

బొగ్గు బాయిలోకి దిగేముందు జేబులు తడుముతారు. అగ్గిపెట్టె, బీడీ, లైటర్, చివరికి స్మార్ట్‌ఫోన్ కూడా పైనే వదలాలి. ఇంత చేసినా లోపల నిప్పు పుట్టొచ్చు. బొగ్గు తనంతట తానే రాజుకుంటుంది మరి!

ఎలాగంటారా? ఆక్సిజన్ తగిలితే బొగ్గు మెల్లగా వేడెక్కుతుంది. గాలి బాగా ఆడితే ఆ వేడి పోతుంది. గాలే లేకపోతే వేడి పుట్టదు. బొగ్గు తీసేసి వదిలిన చోట, కూలిన పొడి కింద, గాలి కాస్త దూరుతుంది, వేడి బయటికి పోదు. అక్కడే ప్రమాదం.

మా బాపుది సింగరేణిలో బాయి పని. నాది హైదరాబాద్‌లో సర్వర్లు కాపలా కాసే ఉద్యోగం. నేను ఒక అలర్ట్ మిస్సయితే యాప్ ఆగుతుంది. బాయిలో మిస్సయితే ఊపిరే ఆగుతుంది.

అక్కడ కనిపెట్టాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌ని. రంగు, వాసన లేని ఈ గ్యాస్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 1994లో పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెందా గని మంటల్లో 55 మంది పోయారు. 2014లో టర్కీలోని సోమా గనిలో 301 మంది. సోమాలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, ఈ గ్యాసే.

ఒక్క రీడింగ్‌ని నమ్మలేం. గాలి ఎక్కువ పంపితే అంకె తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఎంత ఆక్సిజన్ ఖర్చయితే ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టిందో లెక్కకడతారు. దీని పేరు గ్రాహమ్ నిష్పత్తి. అది రోజురోజుకీ పెరుగుతోందంటే లోపలెక్కడో బొగ్గు కాగుతున్నట్టే.

అసలు మందు ముందుజాగ్రత్తే. పని మొదలయ్యాక ఎన్నాళ్లకు బొగ్గు వేడెక్కుతుందో అంచనా వేసి, ఆలోపే ఆ ప్యానెల్‌లో బొగ్గు తీసేసి గోడలు కట్టి మూసేస్తారు. మన ప్రాజెక్టుల్లాగా ఈ డెడ్‌లైన్‌కి ఎక్స్‌టెన్షన్ దొరకదు.

అప్పటికీ అంటుకుంటే? చిన్నదైతే, చేతికి అందితే కాగిన బొగ్గును తవ్వితీసి నీళ్లతో చల్లారుస్తారు. పెద్దదైతే గాలి దారులన్నీ మూసి, లోపలికి నైట్రోజన్ పంపుతారు. మంట ఆరింది కదా అని తొందరపడి తెరిస్తే, ఇంకా వేడిగా ఉన్న బొగ్గుకి మళ్లీ ఆక్సిజన్ అంది భగ్గుమంటుంది.

పొగ కనిపిస్తే కార్మికుడికి దిక్కు నడుముకున్న సెల్ఫ్ రెస్క్యూయరే. ఫిల్టర్ రకంలో విష వాయువు పెరిగేకొద్దీ పీల్చే గాలి వేడెక్కుతుంది. నోరు కాలుతున్నట్టున్నా తీయకూడదు. ఆ వేడే అది పనిచేస్తోందనడానికి గుర్తు.