అలుగూ.. పిడీ ఒకటే ముక్క!
కొలిమి పనితనానికి గీటురాయి ఏకఖండ కత్తి

పెనుగొండ: కత్తికి పదును పోతే సాన పట్టుకోవచ్చు. పిడి వదులైతేనే ప్రమాదం. కొబ్బరి బోండాం కొడుతుండగానో, అరటి గెల నరుకుతుండగానో అలుగు పిడిలోంచి జారితే అది ఎటు పోతుందో చెప్పలేం. కొయ్య పిడిలో దిగిన సన్నని ఇనుప తోక, దాన్ని పట్టి ఉంచే లక్క, పైన బిగించిన పొన్ను.. సాధారణ కత్తి బలమంతా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది. వాన నీరు లోపలికి దిగితే కొయ్య ఉబ్బుతుంది, ఎండకు మళ్లీ కుంచించుకుపోతుంది. కంటికి కనిపించకుండా లోపలి తోక తుప్పు పడుతుంది. ఏడాదిలో నెలల తరబడి తడి ఆరని డెల్టాలో ఈ బెడద మరీ ఎక్కువ.

దీనికి కమ్మరి ఇచ్చే సమాధానమే ఏకఖండ కత్తి. అలుగు, మధ్యన దళసరిగా ఉండే కణుపు, పిడికి ఆధారమైన వెన్ను.. అన్నీ ఒకే ఉక్కు ముక్క నుంచి సాగుతాయి. ఎక్కడా అతుకు ఉండదు. పట్టుకు అనువుగా ఇరువైపులా చెక్కలు బిగించినా అవి చేతి సుఖానికే తప్ప బలానికి కాదు. అవి ఊడినా అలుగు చేతిని వీడదు.

గోదావరి తీరాన పాత విద్యే

పెనుగొండకు దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం 17వ శతాబ్దిలో ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి. ఆ కాలంలో ఈ తీరాన తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ ఇక్కడ దొరికే ఇనుము మేలైనదని, మేకులు, లంగర్ల వంటి ఇనుప పనిలో స్థానికులు నేర్పరులని రాశాడు. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఆ పనిని హెన్రీ వాయిసీ స్వయంగా చూసి నమోదు చేశాడు. ప్రపంచమంతా 'వూట్జ్' అని పిలిచే ఉక్కుకు ఆ పేరు మన 'ఉక్కు' వంటి దక్షిణాది మాట నుంచే వచ్చిందని పండితులు భావిస్తారు. నేడు కత్తులకు పేరుమోసిన జర్మనీలోని సోలింగెన్‌లోనూ కణుపు, అలుగు ఒకే ముక్కగా సాగిన వంటకత్తులకు ప్రత్యేక గౌరవం ఉంది.

ఏ ఉక్కు పనికొస్తుంది?

ఇళ్ల నిర్మాణంలో వాడే చువ్వలో కర్బనం చాలా తక్కువ. దాన్ని ఎంత కాల్చి ముంచినా తగినంత గట్టిపడదు. లారీల కమాను పట్టీల్లో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. దెబ్బకు తట్టుకునే గుణం ఉండటంతో నరికే కత్తులకు ఇది సరిపోతుంది. బేరింగుల ఉక్కులో కర్బనం 1 శాతం దాకా ఉంటుంది. పదును ఎక్కువ కాలం నిలిచినా దాన్ని కాల్చడంలో మరింత జాగ్రత్త అవసరం. ఏళ్ల తరబడి బరువు మోసిన పాత పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. అందుకే కొత్త కడ్డీ మేలు.

తయారీ ఇలా..

కణుపుకు సరిపడా, సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్ల మందం ఉన్న కడ్డీ కావాలి. దాన్ని కొలిమిలో పసుపు ఛాయ వచ్చేదాకా కాల్చి దాగలిపై పెడతారు. ఒకరు పట్టకారుతో పట్టి సుత్తితో చోటు చూపిస్తుంటే మరొకరు సమ్మెట వేస్తారు. చెరకు గడలో కణుపులా మధ్య భాగాన్ని వదిలి, ఒక కొసను అలుగుగా, మరో కొసను పిడిగా సాగదీస్తారు. ఉక్కు నుంచి నిప్పురవ్వలు చిమ్మాయంటే అది మాడిపోయినట్లే. ఆ భాగం ఇక పనికిరాదు. ఎరుపు మసకబారాక కొడితే పగుళ్లు వస్తాయి. కణుపు పక్కన సుత్తి ఒక్కసారి తప్పినా, చివర్లో సరిచేసుకునేందుకు అక్కడ మిగులు లోహం ఉండదు.

రూపం వచ్చాక మళ్లీ కాల్చి బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారుస్తారు. అప్పుడు మెత్తబడిన ఉక్కును ఆకురాయితో రాస్తారు. కణుపు అలుగును కలిసేచోట మూల పదునుగా ఉండరాదు, గుండ్రంగా తిరగాలి. దెబ్బ బరువంతా చేరేది ఆ మూలలోనే.

అసలు పరీక్ష నిప్పుదే

ఒకే ముక్క అయినంత మాత్రాన కత్తి గట్టిది కాదు. అతుకు పోయింది, కానీ ఆ భారమంతా నిప్పు మీద పడింది. పలుచని అంచు త్వరగా కాలుతుంది, దళసరి కణుపు ఆలస్యంగా వేడెక్కుతుంది. తొందరపడితే కణుపు కాలేలోగా అంచు మాడుతుంది. అందుకే వేడిని ముందు దళసరి వైపు ఇవ్వాలి. సుమారు 770 డిగ్రీల వద్ద ఉక్కును అయస్కాంతం పట్టదు. ఆపై మరికొంత వేడి చేసి గోరువెచ్చని నూనెలో ముంచుతారు. కమాను ఉక్కును చన్నీటిలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది.

ముంచిన కత్తి గాజులా పెళుసు. దాన్ని మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే మెరుగు పెట్టిన ఉక్కుపై రంగులు నడుస్తాయి. 200 డిగ్రీలు దాటాక లేత గడ్డి రంగు, 250 ప్రాంతంలో గోధుమ, 300 చేరేసరికి నీలం. అంచు గడ్డి రంగులో ఉండగా వెన్ను నీలానికి చేరితే పదును, ఓర్పు రెండూ దక్కినట్లు. ఈ దశ దాటవేసిన కత్తి చూపుకు ఎంత అందంగా ఉన్నా మొదటి గట్టి దెబ్బకే విరగవచ్చు.

కొనేటప్పుడు గమనించండి

* కణుపు చుట్టూ గీతగానీ, రంగు తేడాగానీ ఉంటే అది అతికినది కావచ్చు.
* వేలాడదీసి మీటితే స్పష్టంగా మోగాలి. పగులు ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది.
* ఆకురాయి అంచుపై మేకును కోసినంత సులువుగా కోస్తే కత్తి మెత్తనిది.
* విద్యుత్ సానపై అంచు నీలం తిరిగితే పదును నిలవదు. తరచూ నీటిలో ముంచుతూ సాన పట్టాలి.
* వాడాక తుడిచి కొబ్బరి నూనె రాస్తే తుప్పు దరిచేరదు.

చట్టం.. చేయూత

ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు ఉద్దేశించని కత్తి అలుగు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు మించితే అది ఆయుధాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో దానికి లైసెన్సు అవసరం. తయారీదారులు ఇది గుర్తుంచుకోవాలి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు రూ.15 వేల ప్రోత్సాహకం, తొలి విడతగా రూ.లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇందులో భాగం.

యంత్రం రేకు నుంచి కోసి తీసే కత్తులతో ధరలో పోటీపడటం ఊరి కొలిమికి సాధ్యం కాదు. దళసరి కడ్డీలోంచి కణుపు వదిలి కత్తిని సాగదీయడం మాత్రం ఆ రేకు యంత్రానికి చేతకాని పని. ఒక్క కత్తికి ఇద్దరు మనుషుల శ్రమ, బస్తాల కొద్దీ బొగ్గు ఖర్చవుతాయి. ఆ శ్రమకు తగిన ధర చెల్లించే రైతు ఉన్నంత కాలమే దాగలిపై సమ్మెట మోగుతుంది.