విడాకుల వేళ రెండేళ్ల గ్రీన్‌కార్డు

వేరుశనగ పైరు ఎండిపోయిన ఏడాది అనంతపురం పీఠభూమిలో ఇంటింటా ఒకే ప్రశ్న మెదులుతుంది. ఈ నేలను నమ్ముకుంటే పిల్లల బతుకు గడిచేదెలా? సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన ఈ ప్రాంతం నుంచి పొట్ట చేతబట్టుకుని బయటి దేశాలకు వెళ్లడం కొత్త విషయమేమీ కాదు. కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి వంటి ఊళ్లలోని ముస్లిం కుటుంబాలకు ఇప్పుడు పెళ్లి సంబంధాలు కూడా ఆ దారినే వస్తున్నాయి. అబ్బాయి అమెరికా పౌరుడని తెలిస్తే, ఉన్న రెండెకరాలు అమ్మి అయినా అమ్మాయి నికాహ్ జరిపించే తల్లిదండ్రులున్నారు. అమ్మాయి అక్కడి పౌరురాలైతే మన అబ్బాయే విమానం ఎక్కుతాడు. ఆ కాపురం నిలబడితే అల్‌హమ్‌దులిల్లాహ్. నిలబడకపోతే?

అప్పుడు నివాస అనుమతి పత్రం బెదిరింపు సాధనంగా మారుతుంది. ‘నేను వదిలేస్తే నీ కార్డు రద్దవుతుంది, ఇండియాకు పంపేస్తారు’ అన్న ఒక్క మాటకు భయపడి ఏళ్ల తరబడి హింసను భరించేవారుంటారు. ఆ మాటలో నిజమెంత? షరీఅత్ దృష్టిలో ఆ బెదిరింపుకు గల స్థానమేమిటి? ఈ రెండూ తెలుసుకోవడం విదేశీ సంబంధం కుదుర్చుకునే ప్రతి కుటుంబానికీ అవసరం.

ఏమిటీ షరతు?

వివాహాల పేరిట జరిగే వలస మోసాలను అరికట్టడానికి అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం జీవిత భాగస్వామి ద్వారా శాశ్వత నివాస హోదా పొందేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, పదేళ్ల కార్డుకు బదులు రెండేళ్ల గడువుతో షరతుల కార్డు ఇస్తారు. గడువు తీరే ముందు 90 రోజులలో భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి ‘ఐ-751’ అనే దరఖాస్తు సమర్పించాలి. తమది నిజమైన వివాహమని రుజువు చేస్తే షరతు తొలగిపోతుంది.

ఇద్దరి సంతకాలూ కావాలన్న నిబంధనే బెదిరింపుకు ఆధారం. కానీ అదే చట్టం ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు కూడా కల్పించింది. సదుద్దేశంతో పెళ్లి చేసుకున్నప్పటికీ ఆ పెళ్లి విడాకులతో ముగిసిందని చూపగలిగితే భర్త సంతకం అక్కర లేదు. శారీరక హింసకో, తీవ్రమైన క్రూరత్వానికో గురైన భాగస్వామి విడాకులు తీసుకోకుండానే ఈ మినహాయింపు కోరవచ్చు. దేశం నుంచి పంపివేస్తే అత్యంత కష్టాలు ఎదురవుతాయని నిరూపించడం మరో మార్గం. ఈ మినహాయింపు దరఖాస్తులకు 90 రోజుల నియమం వర్తించదు. ముందైనా, తర్వాతైనా పెట్టుకోవచ్చు. విడాకుల కారణంగా కోరే మినహాయింపుకు మాత్రం కోర్టు తుది తీర్పు చూపవలసి ఉంటుంది.

కార్డును రద్దు చేసే అధికారం భర్తకు లేదు, భార్యకూ లేదు. అది ప్రభుత్వానిది. ప్రభుత్వం దరఖాస్తును తిరస్కరించినా ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ఎదుట వాదన వినిపించుకునే అవకాశం ఉంటుంది. అక్కడ సాక్ష్యం ఇచ్చేవి కాగితాలే. ఇద్దరి పేరిట ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిసి దాఖలు చేసిన పన్ను పత్రాలు, బీమా, పిల్లల జనన ధ్రువపత్రాలు, నికాహ్‌నామా, ఫొటోలు మొదలైనవి. వాటి నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉండడం వివేకం.

ఒక తేడా గమనించాలి. ఉద్యోగ వీసాపై ఉన్న భర్త వెంట ‘హెచ్-4’ వీసాతో వెళ్లిన భార్యకు ఈ రక్షణ వర్తించదు. ఆమె హోదా భర్త హోదాపైనే ఆధారపడుతుంది. విడాకులతో అది ముగుస్తుంది. అందుకే సంబంధం మాట్లాడేటప్పుడు జీతమెంత అని అడిగే పెద్దలు, అమ్మాయి ఏ వీసాపై వెళుతుందో కూడా అడగాలి.

హాని తలపెట్టి ఆపి ఉంచడం నిషిద్ధం

విడాకుల గురించి దివ్య ఖుర్ఆన్ నిర్దేశించిన మార్గం సుస్పష్టం. భార్యను ఉంచుకుంటే మంచి పద్ధతిలో ఉంచుకోవాలి, విడిచిపెడితే మంచి పద్ధతిలోనే విడిచిపెట్టాలి. బాధించే ఉద్దేశంతో ఆపి ఉంచడం హద్దు మీరడమేనని, అలా చేసేవాడు తనకు తానే అన్యాయం చేసుకున్నవాడవుతాడని బఖరా సూరాలోని 231వ ఆయతు హెచ్చరిస్తోంది. వదలకుండా, ఏలుకోకుండా, కార్డు పేరు చెప్పి భార్యను నిలువునా వేధించే భర్త ఈ ఆయతును ఒకసారి ముందుంచుకుని ఆలోచించాలి. ఇద్దత్ కాలంలో ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టరాదని, తాను నివసించే చోటే తన స్తోమత మేరకు నివాసం కల్పించాలని, ఇబ్బంది పెట్టి సతాయించరాదని తలాఖ్ సూరా ఆదేశిస్తోంది. పాస్‌పోర్టు దాచిపెట్టడం, సెలవులకని స్వదేశానికి తీసుకొచ్చి విడిచి వెళ్లిపోవడం ఈ ఆదేశాలకు పూర్తిగా విరుద్ధం.

అలా విడిచిపెట్టబడిన సోదరి ఇంటి పరువు పోతుందని మౌనంగా ఉండిపోకూడదు. కార్డు పోయినా, ఎవరైనా లాక్కున్నా వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌ను ఆశ్రయించాలి. అమెరికా విడిచి ఏడాది దాటకముందైతే తిరుగు ప్రయాణానికి అనుమతి పత్రం పొందే ఏర్పాటు ఉంది. ఇక్కడ ఆలస్యమే పెద్ద నష్టం.

కార్డు కోసమే కాపురమా?

నాణేనికి మరో వైపు కూడా ఉంది. వలస వెళ్లే భాగస్వామి ప్రతిసారీ స్త్రీయే కాదు. పౌరురాలైన భార్యను కేవలం కార్డు కోసం పెళ్లాడి, పదేళ్ల కార్డు చేతికి రాగానే తలాఖ్ చెప్పే అల్లుడు చేసింది నమ్మకద్రోహం. మోసపు వివాహానికి అమెరికా చట్టం అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా విధిస్తుంది. ఇస్లాం దృష్టిలో నికాహ్ దృఢమైన ప్రమాణం. ఇక్కడ షరీఅత్, ఆ దేశపు చట్టం ఒక్క విషయాన్నే అడుగుతున్నాయి: పెళ్లినాడు నీ సంకల్పం నిజమైనదేనా? నిజమైనదైతే, తర్వాత మనసులు కలవక విడిపోయినంత మాత్రాన ఎవరూ దోషులు కారు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య ఆయనతో కాపురం చేయలేనని విన్నవించుకున్నప్పుడు, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి దైవప్రవక్త (స) ఆమెకు విడుదల కల్పించిన సంగతి బుఖారీలో ఉంది.

ఫోన్‌లో పలికే తలాఖ్, ఎక్కడో తెచ్చుకున్న తీర్పు

ఇక్కడి ఖాజీ వద్ద రాయించిన తలాఖ్ పత్రం అక్కడ చెల్లుతుందనుకోవడం పొరపాటు. పాకిస్తాన్ దౌత్య కార్యాలయంలో రాసిచ్చిన తలాఖ్‌ను గుర్తించడానికి మేరీలాండ్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2008లో నిరాకరించింది. భారతదేశంలోనూ 2019 చట్టం ప్రకారం ఒకేసారి మూడు తలాఖ్‌లు చెప్పడం చెల్లదు; మూడేళ్ల వరకు శిక్షార్హమైన నేరం. అమెరికాలో ఉంటున్నవారు మతపరమైన విడాకులతో పాటు అక్కడి కోర్టు విడాకులు కూడా పొందాలి. లేకుంటే రెండు దేశాల మధ్య ఆ స్త్రీ భార్యా కాక, విడాకులు పొందినదీ కాక మిగిలిపోతుంది.

అక్కడి కోర్టు తీర్పు ఇక్కడ ప్రతిసారీ చెల్లుతుందా? దానికి తిరుపతిలో 1975లో జరిగిన ఒక హిందూ వివాహం సమాధానం చెబుతుంది. భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మరో పెళ్లి చేసుకోగా, భార్య న్యాయపోరాటం చేసింది. ఆమె అంగీకరించని అధికార పరిధిలో, వారి వివాహానికి వర్తించే చట్టంతో పొంతన లేని కారణంపై ఇచ్చిన ఆ తీర్పును మన కోర్టులు గుర్తించనక్కర లేదని 1991లో సుప్రీంకోర్టు ప్రకటించింది. కనుక విదేశీ కోర్టు నోటీసు ఇంటికి వస్తే బీరువాలో దాచకుండా వెంటనే న్యాయవాదికి చూపించాలి.

పోషణ బాధ్యత తీరిపోదు

భాగస్వామిని అమెరికాకు రప్పించుకునేటప్పుడు ఆధారపత్రంపై సంతకం చేసిన వ్యక్తి బాధ్యత విడాకులతో ముగియదు. వచ్చినవారు పౌరసత్వం పొందడం, చట్టం చెప్పినంత కాలం పనిచేయడం, దేశం విడిచిపోవడం, మరణించడం వంటివి జరిగే వరకు అది కొనసాగుతుంది. విడాకులు పొందిన స్త్రీలకు ధర్మసమ్మతంగా జీవన సామగ్రి ఇవ్వడం భయభక్తులు గలవారి విధి అని బఖరా సూరాలోని 241వ ఆయతు ఎప్పుడో నిర్దేశించింది. మన దేశంలో తెలంగాణకు చెందిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా సాధారణ చట్టం కింద మనోవర్తి కోరవచ్చని తీర్పు చెప్పింది. భర్త రెండేళ్లు పోషణ ఇవ్వకపోతే 1939 చట్టం ప్రకారం భార్య కోర్టు ద్వారా వివాహ రద్దు కోరవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయసహాయం అందిస్తుంది.

గల్ఫ్ దేశాల పరిస్థితి వేరు. అక్కడ భార్య నివాస అనుమతి సాధారణంగా భర్త స్పాన్సర్‌షిప్‌తోనే ముడిపడి ఉంటుంది. యు.ఏ.ఇ. మాత్రం 2018లో వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలు స్పాన్సర్ లేకుండా ఒక ఏడాది ఉండేందుకు వీలు కల్పించింది.

పెద్దలు చేయవలసింది

విభేదాలు ముదిరితే భర్త తరఫున ఒకరు, భార్య తరఫున ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని నిసా సూరాలోని 35వ ఆయతు సూచిస్తోంది. కడలికి ఇటువైపున్న తల్లిదండ్రులు ఆ బాధ్యతను ఫోన్‌లో ‘సర్దుకుపో అమ్మా’ అనడంతో సరిపెట్టుకోరాదు. కొట్టే చేతిని ఆపమని అల్లుడికి చెప్పలేని మధ్యవర్తిత్వం న్యాయమనిపించుకోదు. అలాగే కార్డుపై సంతకానికి బదులుగా మహర్ వదులుకోవాలనో, నగలు తిరిగి ఇవ్వాలనో షరతు పెట్టే ఒప్పందాలకు పెద్దలు సాక్షి సంతకాలు చేయకూడదు. దంపతులు విడిపోక తప్పనప్పుడు, విడాకులకు ముందే గడువు దగ్గరపడితే ఉమ్మడి దరఖాస్తుపై నిజాయితీగా సంతకం చేసి, ఉన్న పరిస్థితిని దాచకుండా చెప్పి, ఎదుటివారి బతుకు తెరువుకు అడ్డు రాకుండా తప్పుకోవడం దైవభీతి గలవారి లక్షణం. విడిపోయే వేళ కూడా పరస్పరం ఔదార్యాన్ని మరవవద్దని అల్లాహ్ మనకు బోధించాడు. ఆ ఔదార్యానికి రెండేళ్ల గడువు లేదు.