టెండరు తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?

అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల ఒక ఎన్నికల కరపత్రం పంపారు. తమ నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు పోటీపడుతున్న ఒక యువ అభ్యర్థిది అది. వలసలు, ఆరోగ్య బీమా, పన్నులు వంటి పెద్ద అంశాల మధ్య ఒక చిన్న పేరా దగ్గర నా చూపు ఆగింది. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో చిన్న వ్యాపారులకు న్యాయమైన వాటా ఇవ్వాలని, భారీ ప్యాకేజీలను విడగొట్టాలని, బిల్లులు సకాలంలో చెల్లించాలని అందులో ఉంది. ‘సార్, ఇది కూడా ఎన్నికల అంశమేనా?’ అని ఆ విద్యార్థి అడిగారు. మన దగ్గర ఇది ఎందుకు ఎన్నికల అంశం కాలేదన్నదే నన్ను వేధించిన ప్రశ్న.

ఆధునిక రాజ్యం పాలకురాలు మాత్రమే కాదు, అతిపెద్ద కొనుగోలుదారు కూడా. అది ఎవరి దగ్గర కొంటుందన్న ప్రశ్న, సంపద ఎవరి ఇంట పోగుపడుతుందన్న ప్రశ్నకు మరో పేరు. అమెరికా ఈ సంగతిని 1953 నాటి చిన్న వ్యాపారాల చట్టంలోనే గుర్తించింది. ఫెడరల్ ప్రధాన కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న సంస్థలకు, 5 శాతం సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడినవారి సంస్థలకు దక్కాలన్నది నేడు అక్కడి చట్టబద్ధ లక్ష్యం.

ఈ వాటా ఎవరి దయతోనూ రాలేదు. మేరీల్యాండ్ నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన తొలి నల్లజాతి సభ్యుడు పారెన్ మిచెల్, తనను చేర్చుకోని విశ్వవిద్యాలయంపై కోర్టుకెక్కి సోషియాలజీ చదివిన మనిషి. ప్రజాపనుల నిధుల్లో 10 శాతం మైనారిటీ సంస్థలకు దక్కాలన్న నిబంధనను 1977లో చట్టంలో చేర్పించింది ఆయనే. 1980లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ 1989లో రిచ్‌మండ్ నగరం తెచ్చిన 30 శాతం సబ్ కాంట్రాక్టు నిబంధనను అదే కోర్టు కొట్టివేసింది. ఆ నగర జనాభాలో సగం నల్లజాతివారే. అయినా ఐదేళ్లలో నగరం ఇచ్చిన ప్రధాన నిర్మాణ కాంట్రాక్టుల్లో మైనారిటీ సంస్థలకు దక్కింది 0.67 శాతం మాత్రమే. ఈ అంకె కూడా వివక్షకు చాలినంత రుజువు కాదని న్యాయస్థానం భావించింది.

ఇందులో మనవారికి నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. 1982 నుంచి భారత ఉపఖండ మూలాలున్న అమెరికన్లను కూడా ఈ పథకంలో సామాజికంగా వెనుకబడినవారి జాబితాలో చేర్చారు. ఇక్కడ రిజర్వేషన్ మాట వింటేనే ముఖం చిట్లించే సామాజికవర్గాల నుంచి వెళ్లినవారికి కూడా ఆ తలుపు తెరుచుకుంది. దాన్ని మూసేయమని మన ప్రవాస సంఘమేదైనా ఉద్యమించినట్టు నేను వినలేదు. 2023లో టెనెసీలోని ఫెడరల్ కోర్టు ఆ సామూహిక గుర్తింపును నిలిపివేసింది. గత ప్రభుత్వం 15 శాతం దాకా తీసుకెళ్లదలచిన లక్ష్యాన్ని 2025లో తిరిగి 5 శాతానికి దించారు. ఆ కరపత్రంలోని చిన్న పేరా వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఈ ఆలోచన మన దేశానికీ కొత్తది కాదు. 2002 జనవరిలో భోపాల్‌లో జరిగిన దళిత మేధావుల సదస్సు, అమెరికా అనుభవాన్ని అధ్యయనం చేసిన చంద్రభాన్ ప్రసాద్ వంటివారి చొరవతో, ప్రభుత్వ కొనుగోళ్లలో దళిత, ఆదివాసీ వాటాను ముందుకు తెచ్చింది. పదేళ్ల తర్వాత, 2012లో కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ల విధానాన్ని ప్రకటించింది. ఇప్పుడు ఆ సంస్థల వాటా 25 శాతం, అందులో ఎస్సీ, ఎస్టీ సంస్థలది 4 శాతం.

అంకె బాగానే ఉంది, చిక్కంతా షరతుల్లోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, నిబంధనలకు, ధరకు తూగలేకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థలతో నింపవచ్చు. ఉద్యోగ రిజర్వేషన్లలో భర్తీకాని పోస్టులను బ్యాక్‌లాగ్‌గా చూపాలని పోరాడి సాధించుకున్నాం. కాంట్రాక్టుల్లో ఆ బ్యాక్‌లాగ్ అన్న భావనే లేదు. పైగా ఈ విధానం సరుకులకు, సేవలకే పరిమితం. రోడ్లు, భవనాలు, కాలువల పనులు దీని పరిధిలోకి రావు. డబ్బు అధికంగా పారే చోటే వాటా లేదన్నమాట. కర్ణాటక 2017లో పనుల కాంట్రాక్టుల్లోనే ఎస్సీ, ఎస్టీలకు 24.1 శాతం కేటాయించింది. పని విలువ పరిమితిని తొలుత 50 లక్షల రూపాయలుగా పెట్టి, 2023లో కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2019లో నామినేషన్ పనుల్లో బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 50 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. అయితే నామినేషన్ పనులు చిన్నవి. పెద్ద పనులు టెండర్లలోనే ఉంటాయి.

చట్టం తెచ్చినంత మాత్రాన ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా చిన్నాన్న చిన్న కాంట్రాక్టరు. ఒక బడి ప్రహరీగోడ పని ఆయనకు నామినేషన్‌పై దక్కింది. గోడ లేచింది, ఎంబీ రికార్డయింది, బిల్లు మాత్రం మూడేళ్లు రాలేదు. సిమెంటు దుకాణం అప్పు, మేస్త్రీల కూలి తీర్చడానికి మా పిన్ని పుస్తెలతాడు కుదువకు వెళ్లింది. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని, లేకుంటే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలని చెప్పే 2006 నాటి చట్టం గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, మళ్లీ పని కావలసినవాడు ఆఫీసు మీద ఫిర్యాదు చేయగలడా? చివరికి ఊరి పెద్దమనిషి ఒకరు వచ్చి, ‘నీ లైసెన్సు మీద నేను టెండరు వేస్తాను, నీకు రెండు శాతం ఇస్తాను’ అన్నారు. చిన్నాన్న సంతకం పెట్టారు. కాగితం మీద ఆ పని దళితుడిదే, లాభం మాత్రం పాత ఇంటికే చేరింది.

కాంట్రాక్టుల్లో రిజర్వేషన్ వల్ల నాణ్యత పడిపోతుందనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివివచ్చిన అంబేడ్కర్ బొంబాయిలో షేర్ల సలహా సంస్థ పెడితే, ఆయన కులం తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. మార్కెట్ ప్రతిభను మాత్రమే చూస్తుందన్నది అప్పుడూ నిజం కాదు. ఇక, ఇది కొద్దిమంది దళిత ధనికులనే తయారుచేస్తుందన్న వామపక్ష మిత్రుల సందేహంలో కొంత నిజముంది. కాంట్రాక్టు భూమి సమస్యను తీర్చదు, కూలి రేటును పెంచదు. కానీ ప్రజల పన్నుతో జరిగే పనిలో కొన్ని కులాలు ఎప్పటికీ తట్టలు మోయడానికే పరిమితం కావాలనడం ఏ సమానత్వం?

కనుక అడగవలసినవి స్పష్టం. పనుల కాంట్రాక్టులను కేంద్ర విధానంలో చేర్చాలి. నిండని వాటాను మరుసటి ఏడాదికి బదలాయించాలి. చిన్నవారు అర్హత కోల్పోయేలా పనులను ఒకే ప్యాకేజీగా కట్టడం ఆపాలి. ఏ శాఖ ఏ కులాలవారికి ఎంత విలువైన పని ఇచ్చిందో, ఏ బిల్లు ఎన్ని రోజులుగా ఆగిందో ఏటా ప్రకటించాలి. లైసెన్సు ఒకరిది, పని మరొకరిది అని తేలితే అప్పిచ్చి సంతకం పెట్టించుకున్నవారిని శిక్షించాలి తప్ప, గత్యంతరం లేక సంతకం పెట్టినవారిని కాదు.

ప్రతినిధుల సభకు అక్కడ, లోక్‌సభకు ఇక్కడ పోటీ చేయడానికి కనీస వయసు 25 ఏళ్లే. మన విశ్వవిద్యాలయాల్లో ఆ వయసువారికి కొదవలేదు. రేపు ఓటడగడానికి వచ్చే అభ్యర్థిని, అతడు ఏ కులంవాడైనా, ‘మీ నియోజకవర్గంలో గత ఐదేళ్ల పనులు ఎవరికి దక్కాయో జాబితా ఇస్తారా?’ అని అడగండి. ఆ జాబితా చేతికి వచ్చిన రోజున మన కుల రాజకీయాల అసలు పద్దు బయటపడుతుంది.