వంగదేశపు పొదుపు: మట్టి భాండం, పద్దు పుస్తకం

కోల్‌కతా మహానగరానికి ఈశాన్య దిశలో, విమానాశ్రయానికి చేరువగా, రాజార్‌హాట్ ప్రాంతంలో న్యూ టౌన్ వెలసింది. 1999లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నెలకొల్పిన హిడ్‌కో సంస్థ ఈ పట్టణ నిర్మాణాన్ని చేపట్టింది. అంతకు పూర్వం అక్కడ వరిచేలు, చేపల చెరువులు, కూరగాయల మళ్ళు ఉండేవి. ఆ నేలమీదనే నేడు బహుళ అంతస్తుల గృహసముదాయాలు, సమాచార సాంకేతిక సంస్థల కార్యాలయాలు, విశాలమైన రహదారులు, వాటి వెంట సైకిళ్ళకు ప్రత్యేకించిన దారులు కనిపిస్తాయి. 2012 డిసెంబరులో ప్రారంభమైన ఎకో పార్కు ఈ పట్టణానికి గుర్తుగా నిలిచిపోయింది.

ఈ నూతన పట్టణంలో రెండు విధాలైన కుటుంబాలు ఇరుగు పొరుగున జీవిస్తున్నాయి. మొదటి వర్గానికి నెలకొకసారి జీతం బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. వీరిలో దేశపు నలుమూలల నుండి ఉద్యోగరీత్యా వచ్చినవారు అనేకులు. రెండవ వర్గంవారు చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చి ఆ భవనాలలో వంటపని, కాపలా, తోటపని చేసి బ్రతుకుతారు. ఆదాయంలో వీరిద్దరికీ హస్తిమశకాంతరం ఉన్నప్పటికీ ఒక చిక్కు మాత్రం ఇరువురికీ సమానమే. వచ్చిన సొమ్ము ఏ దారిన పోయిందో నెలాఖరుకు తెలియకపోవటమే ఆ చిక్కు.

పూర్వపు వ్యవసాయ కుటుంబంలో సంపద కంటికి కనబడేది. పెరటిలో ధాన్యపు గాదె ఉండేది. అందులో ధాన్యం ఎంత దిగిందో చూచుకొని ఇల్లాలు వంట తగ్గించేది, లేదా పండుగకు ఉదారంగా ఖర్చు చేసేది. ఎవరూ లెక్కలు వ్రాయనక్కరలేదు. పొలం పోయి పట్టణం వచ్చినచోట గాదె కూడా పోయింది. చరవాణిని తాకితే చాలు, చెల్లింపు జరిగిపోతుంది. రుణాల వాయిదాలు ఖాతాలోనుండి వాటంతట అవే తగ్గిపోతాయి. చేతిలోని నోటు తరిగిపోవటం చూచినప్పుడు కలిగే సంకోచం ఇక్కడ కలగదు. కనుక గృహ ఆర్థిక నిర్వహణలో శ్రద్ధ అన్నమాటకు నేటి అర్థం కనబడని సొమ్మును మరల కంటికి కనబడేటట్లు చేసుకోవటమే. ఇందుకు వంగదేశపు ఇళ్ళలో చిరకాలంగా రెండు సాధనాలున్నాయి: ఒకటి మట్టి భాండం, రెండవది ఎర్ర ఖాతా.

తెలుగువారికి లక్ష్మీపూజకు ముఖ్యమైన దినం శుక్రవారమైతే బెంగాలీలకు అది గురువారం. ఆనాడు గృహిణులు లక్ష్మిని పూజించి వ్రతకథ చదువుకుంటారు. పూజాస్థానంలో పేము బుట్ట ఒకటి ఉంటుంది. అందులో వరి ధాన్యం, గవ్వలు, నాణేలు ఉంచుతారు. దాని ప్రక్కన తరచుగా ఒక చిన్న మట్టి భాండం కనిపిస్తుంది. దానికి మూత ఉండదు. నాణెం జారవిడవటానికి సన్నని చీలిక మాత్రమే ఉంటుంది. వేసిన డబ్బు తీయాలంటే భాండాన్ని పగులగొట్టక తప్పదు. కుమ్మరి చేతిలో అతి స్వల్ప వ్యయంతో తయారయ్యే ఈ పాత్రలో మనస్తత్వ శాస్త్రం ఎంతో ఇమిడి ఉన్నది. తీయటం కష్టం, వేయటం సులభం. నేటి బ్యాంకులు కాలపరిమితి డిపాజిట్లకు విధించే నిబంధనలు కూడా ఇంచుమించు ఇదే సూత్రం మీద ఆధారపడి ఉన్నాయి. మన తెలుగు ఇల్లాలు పోపుల డబ్బాలో దాచిన నోటుకు ఇంతటి రక్షణ లేదనే చెప్పాలి. పాలవాడు పిలిస్తే ఆ డబ్బా మూత వెంటనే తెరుచుకుంటుంది!

బియ్యపు పిడికిలి మరొక ఆచారం. వంటకు బియ్యం కొలిచిన తరువాత అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయటం బెంగాలీ గృహాలలో ఉండేది. తెలుగు పల్లెలకూ ఇది కొత్తకాదు. స్వదేశీ ఉద్యమపు రోజులలో ఇట్లు ప్రోగైన పిడికెళ్ళు సేవాకార్యాలకు కూడా ఉపకరించాయి. ఇక్కడ గమనించవలసినది క్రమం. పిడికెడు బియ్యం తీసేది వంట కాకముందు, భోజనాలయిన తరువాత మిగిలినది కాదు. ఖర్చులన్నీ పోగా మిగిలినది దాచుకుందామనే కుటుంబానికి ప్రతినెలా ఏమీ మిగలదు. ముందుగా తీసి ప్రక్కన ఉంచిన కుటుంబం తక్కిన దానితోనే సర్దుకుంటుంది.

బెంగాలీ వంటగదిని ప్రస్తావించకుండా అక్కడి పొదుపును గూర్చి చెప్పటం అసంపూర్ణమవుతుంది. చేపల మీద వారికున్న మక్కువ జగద్విదితం, చేప ఖర్చుతో కూడినదన్న సంగతీ విదితమే. అందుచేత ఒక్క చేపలో ఏ భాగాన్నీ వారు వృథా పోనివ్వరు. తలను పప్పులోనో బియ్యంతోనో కలిపి వండుతారు. ముళ్ళను బచ్చలికూరతో, కూరగాయల ముక్కలతో కలిపి మరొక వంటకం చేస్తారు. సొరకాయ, బంగాళాదుంప తొక్కులను సన్నగా తరిగి గసగసాలు చల్లి వేయిస్తారు. రాత్రి మిగిలిన అన్నంలో నీరు పోసి మరునాడు పచ్చిమిరపకాయ, ఉల్లిపాయతో తింటారు. దానికి వారు పెట్టిన పేరు పాంతా భాత్. బీరకాయ పొట్టుతో పచ్చడి నూరి, చద్దన్నంలో మజ్జిగ పోసుకొనే తెలుగువారు ఈ పంక్తిలో కూర్చుంటే పరాయివారమని అనుకోరు. పేదరికమే ఈ వంటకాలను పుట్టించి ఉండవచ్చు. కాని రుచి వాటిని సంపన్నుల పళ్ళెంలో కూడా నిలబెట్టింది. పొదుపు అనగానే నోరు కట్టుకోవటమని భావించేవారు ఈ వంటలను ఒకసారి రుచి చూడవలసి ఉంటుంది.

ఇక రెండవ సాధనం ఖాతా. వైశాఖ మాసపు తొలి దినం బెంగాలీలకు సంవత్సరాది. ఆనాడు వర్తకులు హాల్ ఖాతా పేరిట కొత్త పద్దు పుస్తకం తెరుస్తారు. ఖాతాదారులను పిలిచి మిఠాయి పెట్టి పాత బాకీలు వసూలు చేసుకుంటారు. ఎర్రబట్టతో కుట్టిన ఈ పుస్తకాలకు మరొక ఖ్యాతి కూడా ఉంది. చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ తన చిత్రాల రచనను, బొమ్మలను ఈ విధమైన ఎర్ర ఖాతాలలోనే వ్రాసి ఉంచుకొనేవారు. దుకాణానికి అవసరమైన ఈ క్రమశిక్షణ సంసారానికి మాత్రం అనవసరమని చాలామంది భావిస్తారు. జపాను దేశంలో పాత్రికేయురాలు హని మొతోకో 1904లోనే గృహిణుల కోసం ఒక ఆదాయవ్యయ పుస్తకాన్ని ప్రచురించారు. ఆ అలవాటు అక్కడ నేటికీ ఉంది.

పద్దు వ్రాయటంలో కష్టమేమీ లేదు. బియ్యం, పాలు, కరెంటు వంటి నెలవారీ ఖర్చులు ఎవరికైనా గుర్తుంటాయి. కుటుంబాన్ని అప్పులపాలు చేసేవి ఏడాదికొకసారి వచ్చే ఖర్చులు. ఒక ఉదాహరణ తీసుకుందాం. దుర్గాపూజకు బట్టలు, కానుకలు 12,000 రూపాయలు, పిల్లల చదువుకు ఏడాది ఆరంభంలో 18,000, బీమా 6,000 కట్టవలసి ఉన్నదనుకుంటే మొత్తం 36,000 అవుతుంది. దీనిని పన్నెండుతో భాగిస్తే నెలకు 3,000. ఆ మూడువేలను ప్రతినెలా మొదటివారంలోనే వేరుచేసిన ఇంటిలో ఆశ్వయుజం పండుగగా వస్తుంది. వేరుచేయని ఇంటికి అప్పులవాడిగా వస్తుంది. భార్యాభర్తలిరువురూ వారానికొకమారు కూర్చొని పద్దు చూచుకొంటే ఏ ఖర్చు ఎవరిదన్న వివాదాలు కూడా చాలావరకు తగ్గుతాయి. కరెంటు లెక్క కూడా ఈ పుస్తకంలో చేర్చదగినదే. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరిగే పద్ధతిలో చివరి కొద్ది యూనిట్లే అత్యంత ఖరీదైనవి.

ఇంతవరకు చెప్పినది దాచటాన్ని గురించి. దాచిన సొమ్మును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. ఈ విషయంలో వంగదేశం చేదు అనుభవాలు చవిచూసింది. 1970ల చివరలో కోల్‌కతాలో సంచయిత అనే పెట్టుబడుల సంస్థ ఏటా 48 శాతం దాకా వడ్డీ ముట్టజెప్పుతూ జనాన్ని ఆకర్షించింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు వరకు వెళ్ళి, 1982లో తీర్పు వెలువడింది. మూడు దశాబ్దాల తరువాత, 2013 ఏప్రిల్‌లో, న్యూ టౌన్‌కు పొరుగునే ఉన్న సాల్ట్ లేక్ కేంద్రంగా పనిచేసిన శారదా సంస్థ కుప్పకూలింది. లక్షలాది చిన్న మదుపుదారులు, వారిలో కూలీలు, ఇంటిపని చేసుకొనే స్త్రీలు, కష్టార్జితాన్ని పోగొట్టుకున్నారు. వీరు సోమరులు కారు, దుబారా చేసినవారూ కారు. ప్రతిరోజూ పది ఇరవై రూపాయలు కూడబెట్టినవారే. సొమ్ము వసూలు చేసిన ఏజెంటు తమ ఊరివాడో చుట్టమో కావటంతో రసీదుకు వెనుక ఏమున్నదో అడగలేదు. మరుసటి సంవత్సరం మే నెలలో సుప్రీంకోర్టు ఈ కేసును కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగించింది. అనుమతిలేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ పార్లమెంటు 2019లో ఒక ప్రత్యేక చట్టం చేసింది.

ఇక్కడ ఒక సంగతి ప్రక్కనపెట్టి చూడవచ్చు. చెల్లించని క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే స్వల్పంగా తోస్తుంది. చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. మోసగాళ్ళు ఆశ చూపించిన లాభానికి దాదాపు సమానమైన మొత్తాన్ని చదువుకున్న ఉద్యోగి తానే స్వయంగా చెల్లించుకుంటున్నాడన్నమాట.

సురక్షితమైన మార్గాలు ఆకర్షణీయంగా ఉండవు, అయినా అవి చాలా పాతవి. మన దేశంలో తపాలా కార్యాలయాల పొదుపు బ్యాంకు 1882లో ప్రారంభమయింది. 1972లో వచ్చిన మహిళా ప్రధాన క్షేత్రీయ బచత్ యోజన క్రింద మహిళా ఏజెంట్లు ఇంటింటికీ వెళ్ళి అయిదేళ్ళ రికరింగ్ డిపాజిట్ వాయిదాలు వసూలు చేయసాగారు. చిన్న మొత్తాల పొదుపులో పశ్చిమ బెంగాల్ చాలా సంవత్సరాలు దేశంలో ముందువరుసన నిలిచింది. ఏజెంటు ఎంత నమ్మకస్తురాలైనా పాసుపుస్తకంలో వాయిదా నమోదై ముద్రపడినదీ లేనిదీ చూచుకోవటం మదుపుదారు బాధ్యత. బ్యాంకులలోనైతే 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క డిపాజిటరుకు ఒక్కొక్క బ్యాంకులో అయిదు లక్షల రూపాయల వరకు బీమా రక్షణ లభించింది. అంతకు పూర్వం అది లక్ష రూపాయలు మాత్రమే.

2021లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం స్త్రీలకు నెలనెలా నగదు అందించే పథకాన్ని ఆరంభించినప్పుడు దానికి లక్ష్మీర్ భాండార్ అని పేరు పెట్టింది. తొలుత సాధారణ వర్గాలవారికి 500 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 1,000 రూపాయలు ఇచ్చారు. చిత్రమేమిటంటే అంతకు చాలాకాలం ముందే తెలుగునాట మరొక లక్ష్మి అవతరించి ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం అమలయింది. సారా దుకాణానికి పోవటం మానిన సొమ్మును ఏంచేయాలన్న ప్రశ్నకు ఆ జిల్లా స్త్రీలు చెప్పిన సమాధానమే పొదుపు లక్ష్మి. రోజుకొక రూపాయి చొప్పున నెలకు ముప్ఫై రూపాయలు. ఆ స్త్రీల ముంత ఒక ఇంటిలో కాక, సంఘంలో ఉండేది. చీలిక లేని ఆ ముంతకు ఒక పద్దు పుస్తకం ఉండేది. సమావేశంలో అందరూ వింటుండగా ఎవరు ఎంత కట్టిందీ, ఎవరు ఎంత అప్పు తీసుకున్నదీ గట్టిగా చదివేవారు. చదువురానివారు కూడా తమ లెక్కను చెవితో విని సరిచూసుకొనేవారు.